వలస దేశంలో డ్రైవింగ్ లైసెన్సు

స్వదేశంలో మోటారు వాహనం నడిపే అర్హత పొందిన వ్యక్తి మరో దేశానికి వెళ్లి స్థిరపడినప్పుడు, అక్కడి చట్టం ప్రకారం పరీక్షలు రాసి గాని, పాత లైసెన్సు చూపి దానికి బదులు కొత్తది తీసుకొని గాని, ఆ అర్హతను తిరిగి సంపాదించుకోవలసి ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు విద్యాపట్టా వంటిది కాదు. ఒక ప్రభుత్వం తన సరిహద్దుల లోపల తన రోడ్ల మీద వాహనం నడపడానికి ఇచ్చే అనుమతి మాత్రమే కనుక, సరిహద్దు దాటిన తరువాత దాని విలువ ఒప్పందాల మీద, ఆతిథ్య దేశపు ఇష్టం మీద ఆధారపడుతుంది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద ప్రాంతీయ రవాణా కార్యాలయం, అంటే జనం వాడుకలో ఆర్టీఏ ఆఫీసు, ఇచ్చే లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. కాని అదే కార్డు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో చూపినప్పుడు అక్కడి అధికారి ఈ మనిషికి బండి నడపడం వచ్చా అన్నదానితోపాటు, ఈ కార్డు ఇచ్చిన కార్యాలయాన్ని తమ ప్రభుత్వం నమ్ముతుందా అన్నది కూడా చూస్తాడు. వలస వచ్చినవారి లైసెన్సు నిబంధనలలో పైకి చిత్రంగా కనిపించే తేడాలు చాలావరకు ఈ రెండో ప్రశ్న నుంచే పుట్టాయి.

అంతర్జాతీయ ఒప్పందాలు, అనుమతి పత్రం

మోటారు కార్లు ఐరోపాలో సరిహద్దులు దాటడం మొదలైన తొలినాళ్లలోనే ఈ సమస్య తలెత్తగా, 1909లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం వాహనానికీ చోదకుడికీ కలిపి ఒక అంతర్జాతీయ ధ్రువపత్రాన్ని ఏర్పాటు చేసింది. 1926 నాటి పారిస్ ఒప్పందం చోదకుడి అర్హతను వాహన పత్రం నుంచి విడదీసి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అనే ప్రత్యేక పత్రాన్ని ప్రవేశపెట్టింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1949లో జెనీవాలో, 1968లో వియన్నాలో కుదిరిన రెండు రోడ్డు రవాణా ఒప్పందాలు నేటి వ్యవస్థకు ఆధారం. జెనీవా ఒప్పందం కింద ఇచ్చే పర్మిట్ ఏడాది పాటు, వియన్నా ఒప్పందం కింద ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు చెల్లుతాయి. భారతదేశం, అమెరికా జెనీవా ఒప్పందంలో ఉండి వియన్నా ఒప్పందానికి బయట ఉన్నాయి. చైనా ప్రధాన భూభాగంలో ఈ పర్మిట్లకు గుర్తింపే లేదు.

భారతదేశంలో ఈ పర్మిట్‌ను ఆర్టీఏ కార్యాలయమే ఇస్తుంది. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు జతచేసి ఫారం 4ఎ ద్వారా దరఖాస్తు చేసుకొని 1000 రూపాయల రుసుము చెల్లించాలి. రాష్ట్రానికొక తీరుగా ముద్రిస్తున్న ఈ పుస్తకానికి కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో దేశమంతటికీ ఒకే నమూనా నిర్ణయించి, అసలు లైసెన్సు వివరాలతో అనుసంధానించే క్యూఆర్ కోడ్‌ను చేర్చింది. విదేశంలో ఉండగా పర్మిట్ గడువు తీరిపోయినవారు భారత రాయబార కార్యాలయం ద్వారా పునరుద్ధరణ కోరే వీలును 2021 జనవరిలో కల్పించారు.

ఈ పర్మిట్ గురించి వలస వెళ్లేవారిలో ఉన్నంత అపోహ మరే పత్రం గురించీ లేదు. ఇంటర్నేషనల్ లైసెన్సు అని పిలుచుకోవడం వల్ల అది ఎక్కడైనా చెల్లే స్వతంత్రమైన లైసెన్సు అన్న భావన పాతుకుపోయింది. నిజానికి అది సొంత దేశపు లైసెన్సులోని వివరాలను పలు భాషలలో తెలిపే అనువాద పత్రం. అసలు కార్డు వెంట లేకపోతే దానికి విలువ లేదు, అసలు కార్డు గడువు తీరిన రోజున దాని ఆయుష్షూ తీరుతుంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, ఈ ఒప్పందాలు ప్రధానంగా సందర్శకుల కోసం పుట్టాయి. చోదకుడు తన నివాసాన్ని మార్చుకొని తమ దేశంలో స్థిరపడితే అతని పాత లైసెన్సును గుర్తించనవసరం లేదని వియన్నా ఒప్పందం సభ్య దేశాలకు స్పష్టంగా వెసులుబాటు ఇచ్చింది. ఇంటర్నెట్‌లో పదేళ్ల, ఇరవయ్యేళ్ల గడువుతో అమ్మే అంతర్జాతీయ లైసెన్సులకు ఏ ఒప్పందంలోనూ చోటు లేదు. వాటి మీద పెట్టే ఖర్చు వృథా.

సందర్శకుడు నివాసిగా మారే క్షణం

సందర్శకుడు ఎప్పుడు నివాసి అవుతాడన్న దానిపై చట్టాలు ఏకాభిప్రాయంతో లేవు. కాలిఫోర్నియాలో నివాసం ఏర్పరచుకున్న పది రోజుల్లో ఆ రాష్ట్ర లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. టెక్సాస్ 90 రోజులు, కెనడాలోని అంటారియో రాష్ట్రం 60 రోజులు, జర్మనీ ఆరు నెలలు, బ్రిటన్ ఏడాది గడువిస్తాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఇదివరకు తాత్కాలిక వీసాదారులను విదేశీ లైసెన్సుతోనే నడపనిచ్చేది. 2023 జులై నుంచి వారికీ ఆరు నెలల పరిమితి విధించింది. గడువు దాటాక పాత లైసెన్సుతో నడిపితే చట్టం దృష్టిలో అది లైసెన్సు లేకుండా నడపడమే. జరిమానా సంగతి అలా ఉంచితే, ఆ సమయంలో ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ నష్టపరిహారం నిరాకరించే అవకాశం ఉండటం అసలు ప్రమాదం.

మార్పిడి జాబితాలు

కొన్ని దేశాల లైసెన్సులను పరీక్ష లేకుండానే స్వీకరించి వాటికి బదులు తమ లైసెన్సు ఇవ్వడాన్ని లైసెన్సు మార్పిడి అంటారు. ఇందుకోసం ప్రతి ప్రభుత్వమూ తనకు నమ్మకమున్న దేశాల జాబితాను ప్రకటిస్తుంది. జర్మనీలో ఈ జాబితా లైసెన్సు నిబంధనల పదకొండో అనుబంధంగా ఉంటుంది. బ్రిటన్ జాబితాలో ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, సింగపూర్, దక్షిణాఫ్రికా వంటివి ఉన్నాయి. యూఏఈ గల్ఫ్ దేశాలతోపాటు పలు పాశ్చాత్య దేశాల లైసెన్సులను మారుస్తుంది. ఈ మూడు జాబితాల్లోనూ భారతదేశం లేదు.

జాబితాలో చోటు దొరకాలంటే శిక్షణ, పరీక్ష, రికార్డుల నిర్వహణ తమ ప్రమాణాలకు సాటి అని ఎదుటి దేశాన్ని ఒప్పించాలి. తమ లైసెన్సులకూ అక్కడ అదే గౌరవం దక్కాలన్న ఇచ్చిపుచ్చుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్క 2022లోనే 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించినట్లు భారత ప్రభుత్వమే ప్రకటించిన నేపథ్యంలో ఈ వాదన తేలిక కాదు. ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపితే లైసెన్సు చేతికి వచ్చే పద్ధతిని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చుట్టూ అల్లుకున్న దళారుల వ్యవస్థను ఎరిగినవారెవరూ ఈ అపనమ్మకాన్ని పూర్తిగా అన్యాయమనలేరు. అయితే ఇరవయ్యేళ్లు ప్రమాదం లేకుండా నడిపినవాడినీ నిన్ననే కార్డు పొందినవాడినీ ఒకే గాటన కట్టడం ఈ విధానంలోని లోపం. బ్రిటన్ జాబితాలో యూఏఈ ఉన్నందున, దుబాయ్‌లో పరీక్ష నెగ్గి లైసెన్సు పొందిన హైదరాబాదువాసి లండన్ వెళ్తే నేరుగా మార్పిడి కోరవచ్చు. హైదరాబాదు నుంచి తిన్నగా లండన్ వెళ్లిన అతని అన్న మాత్రం మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

అమెరికా

తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలో జాతీయ లైసెన్సు అనేదే లేదు. ప్రతి రాష్ట్రమూ తన చట్టం ప్రకారం తన లైసెన్సు ఇస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఆ శాఖను డీఎంవీ అంటారు. టెక్సాస్‌లో ప్రజా భద్రతా శాఖ, ఇల్లినాయిలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఆ పని చేస్తాయి. జర్మనీ వంటి కొన్ని దేశాల లైసెన్సులకు పలు రాష్ట్రాలు పరీక్షల్లో మినహాయింపు ఇస్తున్నా, భారతీయులు సాధారణంగా రాత పరీక్ష, కంటి పరీక్ష, రోడ్డు పరీక్ష మూడూ దాటాలి. రాత పరీక్ష కష్టమైనది కాదు: టెక్సాస్‌లో 30 ప్రశ్నలకు 70 శాతం, కాలిఫోర్నియాలో పెద్దలకు 36 ప్రశ్నలకు 30, న్యూజెర్సీలో 50కి 40 సరైన జవాబులు వస్తే చాలు. న్యూయార్క్‌లో రోడ్డు పరీక్షకు ముందు ఐదు గంటల తరగతికి హాజరవడం తప్పనిసరి. రోడ్డు పరీక్షకు రిజిస్ట్రేషనూ బీమా ఉన్న కారును చాలా రాష్ట్రాల్లో అభ్యర్థే తెచ్చుకోవాలి గనుక, కొత్తగా వచ్చిన విద్యార్థులు రూమ్‌మేట్ కారునో డ్రైవింగ్ స్కూలు కారునో ఆశ్రయిస్తారు.

అసలు చిక్కు పరీక్షల్లో కాక పత్రాల్లో ఉంది. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, ఆ ప్రమాణాలకు సరిపోయే కార్డు ఇచ్చే ముందు రాష్ట్రం దరఖాస్తుదారు వలస హోదాను కేంద్ర ప్రభుత్వ డేటాబేసులో సరిచూడాలి. తాత్కాలిక హోదాలో ఉన్నవారికి వారి అనుమతి ఉన్నంతకాలమే చెల్లే పరిమిత కాల లైసెన్సు ఇవ్వాలి. హెచ్-1బి ఉద్యోగికి ఐ-94 అనే ప్రవేశ పత్రంలోని తేదీ, విద్యార్థికి విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలోని తేదీ సాధారణంగా లైసెన్సుకూ గడువు అవుతాయి. వీసా పొడిగింపు దరఖాస్తు నెలల తరబడి తేలకుండా ఉన్నప్పుడు, ఉద్యోగం చేసుకునే హక్కు చట్టప్రకారం 240 రోజుల దాకా కొనసాగినా, లైసెన్సు మాత్రం గడువు తీరి కూర్చునే వింత పరిస్థితి ఏర్పడుతుంది. కొన్ని రాష్ట్రాలు దరఖాస్తు రసీదు చూసి కొద్దికాలం పొడిగిస్తాయి. ప్రజా రవాణా కొరవడిన నగర శివార్లలో ఆ కొద్ది వారాలు కుటుంబం ఇంటికే పరిమితమవుతుంది.

మరో చిక్కు సోషల్ సెక్యూరిటీ నంబరు. పన్నుల కోసం, పింఛను ఖాతాల కోసం ఉద్యోగులకిచ్చే ఈ నంబరు, పని అనుమతి లేని హెచ్-4 జీవిత భాగస్వాములకూ, ప్రాంగణంలో ఉద్యోగం దొరకని విద్యార్థులకూ రాదు. అటువంటివారు తమకు ఆ నంబరు పొందే అర్హత లేదని సంబంధిత కార్యాలయం నుంచి లేఖ తెచ్చి డీఎంవీలో చూపాలి; కొన్ని రాష్ట్రాల్లో ప్రమాణ పత్రం మీద సంతకం చేస్తే సరిపోతుంది. లేనిదానికి రుజువు తెమ్మనే ఈ తతంగం వలస కార్యాలయాల తర్కానికి మంచి నమూనా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన వారిది ఇంకో అవస్థ: వీసాలో వారి పేరంతా ఇంటిపేరు స్థానంలోకి చేరి, సొంత పేరు చోట పేరు తెలియదని సూచించే ఎఫ్ఎన్‌యూ అనే అక్షరాలు పడతాయి. అవే లైసెన్సు మీదికీ ఎక్కి, ట్రాఫిక్ పోలీసు నుంచి బ్యాంకు గుమాస్తా వరకు అందరూ ఆ మూడక్షరాలనే పేరుగా పిలుస్తారు.

బ్రిటన్, జర్మనీ

భారత లైసెన్సుతో బ్రిటన్‌లో నివాసం ఏర్పరచుకున్నవారు పన్నెండు నెలలు ఆటంకం లేకుండా నడపవచ్చు. ఆ తరువాత స్వదేశంలో ఎన్నేళ్లు నడిపినా ప్రావిజనల్ లైసెన్సు, అంటే మన ఎల్ఎల్ఆర్ వంటి అభ్యాస అనుమతి, తీసుకొని ఎర్రని ఎల్ అక్షరం తగిలించుకొని, పక్కన కనీసం 21 ఏళ్ల వయసూ మూడేళ్ల లైసెన్సు అనుభవమూ ఉన్నవారిని కూర్చోబెట్టుకొని నడపాలి. థియరీ పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిగా రాయాలి. దానితోపాటే జరిగే ప్రమాద గ్రహణ పరీక్షలో 14 వీడియో దృశ్యాలు చూపి, పాదచారి రోడ్డు మీదికి రావడం వంటి ముప్పు రూపుదిద్దుకుంటున్న క్షణాన్ని గుర్తించి మీట నొక్కమంటారు. 75 మార్కులకు 44 రావాలి. థియరీ పరీక్షలో విదేశీ భాషల సదుపాయాన్ని 2014 ఏప్రిల్‌లో రద్దు చేశారు. సుమారు 40 నిమిషాల రోడ్డు పరీక్షలో చిన్న తప్పులు 15 వరకు క్షమిస్తారు, తీవ్రమైన తప్పు ఒక్కటి చేసినా అక్కడితో సరి. ఆటోమేటిక్ కారులో నెగ్గినవారికి ఆటోమేటిక్ కార్లు నడిపే అర్హతే దక్కుతుంది. పరీక్ష తేదీ దొరకడానికి నెలలు పట్టే స్థితి చాలాకాలంగా కొనసాగుతున్నందున, తొలి ఏడాది చివరిదాకా తాత్సారం చేసినవారు తరువాత నెలల తరబడి బస్సులకే అంకితమవుతారు.

జర్మనీలో భారతీయులు డ్రైవింగ్ స్కూలు ద్వారానే పరీక్షలకు వెళ్లాలి, కాని స్థానిక అభ్యర్థులకు ఉన్నట్లు నిర్ణీత సంఖ్యలో పాఠాలు తప్పనిసరి కావు. కంటి పరీక్ష, ప్రథమ చికిత్స శిక్షణ ధ్రువపత్రం ముందుగా సమర్పించాలి. థియరీ పరీక్షను ఇంగ్లీషు సహా పన్నెండు విదేశీ భాషల్లో రాసే వీలున్నా, రోడ్డు పరీక్ష జర్మన్ భాషలోనే జరుగుతుంది. కనుక కుడివైపు తిరుగు, తరువాతి వీలైన చోట ఆపు వంటి ఆదేశాలు అర్థమయ్యేంత భాష రావాలి.

గల్ఫ్ దేశాలు

గల్ఫ్‌లో లైసెన్సు చాలామందికి జీతం, వీసా రెండింటికీ ఆధారం. వైఎస్సార్ కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, కోనసీమ నుంచి కువైట్‌కూ, ఉత్తర తెలంగాణ నుంచి సౌదీ, యూఏఈలకూ వెళ్లే శ్రామికుల్లో యజమాని ఇంటి కారు నడిపే హౌస్ డ్రైవర్లు ఒక ముఖ్య వర్గం. కువైట్ సాధారణ విదేశీయులకు 600 దినార్ల కనీస జీతం, విశ్వవిద్యాలయ పట్టా, రెండేళ్ల నివాసం వంటి షరతులు విధించి, వృత్తిరీత్యా డ్రైవర్లుగా వచ్చినవారికి వాటి నుంచి సడలింపునిచ్చింది. కాని ఆ లైసెన్సు వృత్తికి ముడిపడినది కావడంతో, పని మారితే దాన్ని కూడా కోల్పోయే ప్రమాదం ఉంది. ఇంటి యజమాని మీద ఆధారపడిన మనిషికి ఇది రెండో సంకెల. సౌదీ అరేబియాలో మహిళలు వాహనం నడపడంపై నిషేధాన్ని 2018 జూన్ 24న ఎత్తివేశారు. ఆ రోజు దాకా హౌస్ డ్రైవర్ల గిరాకీకి ఆ నిషేధం కూడా ఒక పెద్ద కారణం.

దుబాయ్‌లో భారతీయులు గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో చేరి పాఠాలు పూర్తిచేసి, థియరీ, పార్కింగ్, రోడ్డు పరీక్షలు వరుసగా దాటాలి. స్వదేశపు లైసెన్సు పాతబడిన కొద్దీ తప్పనిసరి పాఠాల గంటలు తగ్గుతాయి. థియరీ పరీక్షకు హిందీ, మలయాళం వంటి భాషల సదుపాయం ఉంది. జాబితాలో లేని దేశాలవారు పాఠాలు లేకుండా ఒక్కసారి నేరుగా పరీక్షకు దిగే గోల్డెన్ ఛాన్స్ పథకాన్ని 2023లో మొదలుపెట్టారు. అందులో తప్పితే మామూలు దారి పట్టాల్సిందే. రోడ్డు పరీక్షలో పలుమార్లు తప్పి, ప్రతిసారీ అదనపు పాఠాలకూ మళ్లీ పరీక్షకూ రుసుము కట్టి, వేల దిర్హమ్‌లు పోగొట్టుకున్నవారు అక్కడ కొల్లలు.

కెనడా, జపాన్

అంటారియో రాష్ట్రంలో లైసెన్సును జీ1, జీ2, జీ అని మూడు అంచెలుగా ఇస్తారు. అంచెల మధ్య నిరీక్షణ కాలాన్ని స్వదేశపు అనుభవం చూపి తగ్గించుకోవచ్చు గనుక, ఇక్కడ పాత లైసెన్సు పూర్తిగా వ్యర్థం కాదు. జపాన్ కొన్ని దేశాలవారికి తప్ప మిగిలినవారికి చిన్న రాత పరీక్ష, నడిపే పరీక్ష పెట్టి మార్పిడి చేసేది. పర్యాటకులు సైతం ఈ వెసులుబాటును వాడుకుంటున్నారన్న విమర్శల తరువాత, 2025 అక్టోబరు నుంచి ప్రశ్నలను పది నుంచి యాభైకి పెంచి, 90 శాతం మార్కులు తప్పనిసరి చేసి, నివాస ధ్రువపత్రం లేనివారిని మినహాయించింది.

అనుభవజ్ఞులు ఎందుకు తప్పుతారు

ఎన్నో ఏళ్లు బండి నడిపినవారు పరీక్షలో తప్పడం, కారు తొలిసారి పట్టినవారు నెగ్గడం ఈ దేశాలన్నింటా పరిపాటి. పరీక్షకుడు చూసేది స్టీరింగ్ మీద పట్టును కాదు, దారి ఇచ్చే అలవాటును. అమెరికాలో నాలుగు వైపులా ఆగు గుర్తులున్న కూడలికి ముందుగా వచ్చినవారు ముందుగా వెళ్లాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున ఉన్నవారికి ప్రాధాన్యం. ఎదురుగా ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. వేగం తగ్గించి జారుకుంటే పరీక్ష పోయినట్లే. స్కూలు బస్సు ఎర్ర దీపాలు మినుకుతూ ఆగితే, మధ్యలో విభాగిని లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే వాహనాలు కూడా నిలిచిపోవాలి. జర్మనీలో గుర్తులేమీ లేని వీధి కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందు నుంచి వచ్చినా సరే.

వరుస మారే ముందు అద్దాలు చూడటంతో సరిపెట్టుకోవడం మరో సాధారణ లోపం. రెండు అద్దాలకూ అందకుండా కారు పక్కనే దాగే స్థలాన్ని బ్లైండ్ స్పాట్ అంటారు. దాన్ని భుజం మీదుగా తల తిప్పి చూడాలి, ఆ తల తిప్పడం పరీక్షకుడికి కనబడాలి. ఇక హారన్. భారతీయ రోడ్ల మీద అది పలకరింపు, హెచ్చరిక, అభ్యర్థన అన్నీ కాగా, బ్రిటన్‌లో జనావాసాల నడుమ రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం ఏడు వరకు కదులుతున్న వాహనం హారన్ మోగించడమే నిషిద్ధం. హెడ్‌లైట్లు కొట్టడానికి మన దగ్గర నేను వస్తున్నాను ఆగు అని అర్థం. అక్కడి చోదకుల వాడుకలో చాలాసార్లు మీరే ముందు వెళ్లండి అని అర్థం. రోడ్డుకు కుడివైపు నడిచే దేశాల్లో ఎడమ మలుపు తిరిగాక అలవాటుగా ఎదురు వరుసలోకి దూరడం కొత్తవారి తప్పుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక

అంటారియో వంటి చోట్ల అనుభవాన్ని నిరూపించే పత్రం లైసెన్సు ఎక్స్‌ట్రాక్ట్. తొలిసారి లైసెన్సు ఇచ్చిన తేదీ, వాహన తరగతులు, గడువు తెలుపుతూ ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే నకలు ఇది. కార్డు మీద చివరి పునరుద్ధరణ తేదీయే ప్రముఖంగా కనిపించి తొలి తేదీ లేకపోతే, పదేళ్ల అనుభవం కాగితం మీద పది నెలలుగా మిగులుతుంది. పుస్తకం రూపంలోని పాత లైసెన్సులున్నవారు ఈ నకలును స్వదేశంలో ఉండగానే తీసుకోవడం మేలు. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం తెలుగువారిలో సర్వసాధారణం కనుక, రెండూ ఒకే వ్యక్తివని నమ్మించే శ్రమ తప్పాలంటే ఆ సవరణ కూడా ముందే చేయించుకోవాలి.

విదేశంలో కొత్త లైసెన్సు వచ్చాక పాతదాన్ని పట్టించుకోకపోవడం మామూలే. భారత చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత, గడువు తీరి ఏడాది దాటితే పునరుద్ధరణకు మళ్లీ డ్రైవింగ్ పరీక్ష నెగ్గవలసిందే. అయితే 1988 చట్టంలోని తొమ్మిదో సెక్షన్, విదేశీ లైసెన్సు ఉన్నవారికి వైద్య ధ్రువపత్రం వంటి షరతులకు లోబడి ఆ తరగతి వాహనానికి డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. అంటే భారతీయ లైసెన్సును నమ్మని దేశాల కార్డును కూడా భారత చట్టం నమ్ముతుంది.